మునక అక్కకు, కొలువు నాకు

మా తాత సముద్రంలో కీర్తన పాడలేదు. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడతాను.

మదనపల్లెలో మా చర్చికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఆ కథ నోటికి వచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో తాత పనిచేసిన పెద్ద యుద్ధనౌక మీద శత్రు విమానాలు బాంబులు వేశాయి. ఓడ మునిగింది. తాత ఒక చెక్క పట్టుకుని తేలుతూ కీర్తన ఎత్తుకున్నాడు. చుట్టూ ఉన్న తెల్లవాళ్ళు గొంతు కలిపారు. పాట ముగిసేసరికి ఇంకో ఓడ వచ్చి వాళ్ళను ఎక్కించుకుంది. వినడానికి బాగుంటుంది. మా అక్క చెబితే ఇంకా బాగుంటుంది. దానికి గొంతు ఉంది. కీర్తన ఎత్తుకునే చోట నిజంగానే ఎత్తుకుంటుంది, ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు అద్దుకుంటారు.

అది పెద్ద ఓడేమీ కాదు. డిస్ట్రాయరు అన్న పేరు విని జనం కొండంత ఊహించుకుంటారు. సన్నగా, పొడుగ్గా, పలుచటి రేకుతో, పరుగు కోసమే కట్టిన ఓడ అది. సరుకు ఓడలు గుంపుగా పోతుంటే, గొర్రెల మందకు కాపలా కుక్క తిరిగినట్టు వాటి చుట్టూ తిరగడం దాని పని. అలాంటి ఓడ పగిలితే దాని కడుపులో ఉన్న నల్ల నూనె అంతా నీళ్ళ మీద పరుచుకుంటుంది. ఆ నూనె మింగినవాడు వాంతులు చేసుకుంటాడు, పాటలు పాడడు. అదంతా పక్కన పెట్టండి, మా తాతకు అసలు గొంతే లేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదిపేవాడు, అంతే. పక్కన కూర్చునేది నేనే కాబట్టి నాకు తెలుసు.

అయితే ఒకటి. ఓడ మునిగిన సంగతి తాత అక్కకు చెప్పాడు, నాకు చెప్పలేదు. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. దాన్ని దాచిపెట్టి, ఏదో చరిత్రను కాపాడడానికి పుట్టినదానిలా మాట్లాడను. పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి ఆ వేషం వేయడం నాకు సులభమే. కానీ వేయను.

తాత అంటే మా అమ్మ నాన్న. యుద్ధం నుంచి వచ్చాక మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో వంటశాల చూసుకునేవాడు. మా అమ్మ అదే ఆస్పత్రిలో నర్సు. ఆస్పత్రి వెనక క్వార్టర్స్‌లో తాత, అవ్వ, అమ్మ, అక్క, నేను. మిషన్ బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు వల్ల తాతకు తెల్లవాళ్ళ నౌకాదళంలో కొలువు దొరికింది. తుపాకీ పట్టే కొలువు కాదు. డిస్ట్రాయరులో ఆఫీసర్లకు బల్ల సర్ది వడ్డించే పని. మా అక్క తన కథలో ఈ ముక్క చెప్పదు. "తాత నేవీలో ఉండె" అంటుంది, అక్కడితో ఆపుతుంది. వడ్డించడంలో దానికి ఏం నామోషీ కనిపించిందో నాకు తెలియదు.

నాకు దక్కింది మాత్రం ఆ వడ్డనే. ఆస్పత్రి నుంచి తాత సాయంత్రం ఇంటికి వచ్చాక వసారాలో బల్ల వేసి నాకు ఓడ కొలువు నేర్పేవాడు. ఓడ ఊగుతుంటే పళ్ళేలు జారిపోకుండా బల్ల మీద గుడ్డను తడిపి పరుస్తారు. నేను గుడ్డ తడిపి, పిండి, మడత లేకుండా పరిచేదాన్ని. తర్వాత నిండా నీళ్ళు పోసిన కప్పు పట్టుకుని వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. తాత పక్కన నిలబడి నా భుజాన్ని అటూ ఇటూ నెట్టేవాడు, అదే అల.

"కప్పును సూడద్దు మే. నువ్వు పోయే తలుపును సూడు. కప్పు దానంతట అదే వస్తాది."

పోరాటం గంట మోగితే వడ్డించేవాళ్ళూ వంటవాళ్ళూ అందరూ సూపు గిన్నె ఉన్నది ఉన్నట్టు వదిలేసి, గుండ్లు అందించడానికి పరిగెత్తాలట. ఎండాకాలం బంగాళాఖాతంలో రేకు గది లోపల అన్నం ఉడికినట్టు ఉడికేవాళ్ళట. మునిగిన సరుకు ఓడల్లోంచి ఎత్తుకొచ్చిన మనుషులకు మొదట టీ ఇవ్వాలి, మాట తర్వాత అడగాలట. ఒకసారి ఆ టీ తాగిన తెల్లాయన ఒకడు కప్పును తిరిగివ్వకుండా దుప్పటిలో దాచుకున్నాడని చెప్పి తాత నవ్వేవాడు.

"ఆపైన మీ ఓడ ఎట్ల మునిగింది తాతా?"

"అదంతా నీకు యాలమ్మా? పో, గుడ్డ ఆరిపోతాంది, మళ్ళా తడుపుకోని రా."

ఎన్నిసార్లు అడిగినా ఇదే. ఓడ మాట ఎత్తితే మా అవ్వ కూడా ముఖం మాడ్చుకునేది. "దాన్నే కట్టుకోవాల్సింది, నన్ను యాల కట్టుకున్న్యాడో. అది నాకు సవితి. సచ్చిపోయి సముద్రం అడుగున పండుకోనుండాది గానీ, ఈ మనిషిని వదల్లేదు" అనేది. నా కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందని మా అక్క అడుగుతుంటుంది. అవ్వ నుంచి వచ్చింది.

ఓడ మునిగిన రోజున మా ఇంట్లో ఏటా కృతజ్ఞతా కూడిక జరుగుతుంది. తాత ఉన్నప్పుడు మొదలైంది, ఇప్పటికీ జరుగుతోంది. పాటలు, వాక్యం, ప్రార్థన, సాక్ష్యం, ఆ తర్వాత భోజనం. సాక్ష్యం అంటే దేవుడు తన బతుకులో చేసిన మేలును మనిషి లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం. ఎవరైనా సరే, ఎంత కష్టం చెప్పినా చివరికి మేలు దగ్గర ఆగాలి. తాతను ఏటా లేపేవాళ్ళు. ఆయన లేచి, "దేవునికి స్తోత్రం, నేను బతికినాను" అని కూర్చునేవాడు. అంతే సాక్ష్యం. ఆ రోజు భోజనం కూడా చేసేవాడు కాదు, కడుపు బాగాలేదని చెప్పేవాడు. ఆయన పోయాక అక్క లేచింది. కీర్తన అప్పుడు పుట్టింది.

ఈ ఏడాది కూడిక మదనపల్లెలో అక్క ఇంట్లోనే జరిగింది. అక్క పాట ముగించి కూర్చోగానే, కొత్తగా వచ్చిన పాస్టరుగారు చేతులు జోడించాడు.

"అక్కగారూ, ఈ సాక్ష్యాన్ని వచ్చే ఆదివారం రికార్డు చేద్దామండి. చర్చి ఛానెల్లో పెడదాం. మన యవ్వనస్థులు వినాలండి."

ఇక నేను ఆగలేకపోయాను. "అయ్యగారూ, రికార్డు చేసే ముందు ఒక్క మాట. ఓడ నూనె నోట్లో పోసుకోని ఎవరైనా నాలుగు చరణాలు పాడి చూపిస్తారా?"

అక్క నా వైపు తిరిగింది. "ఇది నీ క్లాసు కాదు మే. కూడిక."

"అబద్ధం యాడ చెప్పినా అబద్ధమే."

"నీకు తాత చెప్పినాడా?"

"లేదు."

"నాకు చెప్పినాడు. నువ్వు ఆడ ఉండావా సూడను?"

"నువ్వు గానీ ఉండావా సముద్రంలో?"

వెనక కూర్చున్న వాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు ప్రార్థనకు తలలు వంచమన్నాడు. అంత చిన్న ఆశీర్వాద ప్రార్థన నేను ఏ కూడికలోనూ వినలేదు.

భోజనాలయ్యాక వెనక కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతుంటే అక్క నా పక్కకు వచ్చింది. "నీకు కుళ్ళు" అంది.

"అవును, కుళ్ళే. అయినా పాట మాత్రం అబద్ధం."

"అయితే ఆదివారం లోపల ఎవరినన్నా సాచ్చిని పట్టుకోని రా. నేను నోరు మూసుకుంటా, నువ్వే చెప్పు ఆ ఫోను ముందర." అని తడి చేతులు నా కొంగుకే తుడిచి వెళ్ళింది.

నిజంగా ఒక సాక్షి ఉండవచ్చని నాకు ఆ క్షణంలో తోచింది. కూడిక మరుసటి రోజు తాత ఏటా ఒంటరిగా బస్సెక్కి కుప్పం వైపు వెళ్ళేవాడు. ఓడలో వంట పనిచేసి, ఓడతోపాటు పోయిన ఒకాయన ఊరు రామకుప్పం అవతల అడవి అంచున ఉందనీ, ఆ ఇంటికే పోతాడనీ అమ్మ చెప్పేది. బేకరీలో కొబ్బరి బిస్కెట్లు కట్టించుకుని పోయేవాడు. నేనూ వస్తానని ఒక ఏడాది బస్టాండు దాకా వెంటపడి ఏడ్చాను. తీసుకుపోలేదు. ఆ బిస్కెట్లు ఎవరు తింటారో ఆ పిల్లల మీద అప్పుడే నాకు కోపం పుట్టింది.

మరుసటి రోజు స్కూలుకు సెలవు పెట్టి పుంగనూరులో బస్సెక్కాను. కుప్పంలో దిగి రామకుప్పం పోయి, అక్కడ ఆటో ఎక్కాను. ఊరి పేరు సగమే గుర్తు. ఓడలో పనిచేసి చచ్చిపోయిన ఆయన ఇల్లు అని ఆటో అతనితో చెప్పడానికి నాకే సిగ్గేసింది. సముద్రం ఎటుందో తెలియని చోట ఓడ గురించి అడగడం.

"ఓ, ఓడోళ్ళ ఇల్లా?" అన్నాడతను. "ముందే సెప్పకూడదా అమ్మా? కూసో."

ఓడోళ్ళ ఇల్లు! రాగి చేలు, ఆవులు, ఏనుగులు తొక్కిపోయిన చెరుకు తోట, వాటి మధ్య ఒక ఇంటికి ఓడ పేరు. ఓడ నుంచి బతికి వచ్చిన మనిషి మా ఇంట్లో ఉన్నాడు, మమ్మల్ని ఎవరూ ఓడోళ్ళు అనలేదు. ఆటోలో కూర్చునే ఆ పేరు మీద నాకు ఆశ పుట్టింది.

ఇంటి ముందు వాకిలి అలికి ఉంది. లోపలి నుంచి కోడికూర వాసన. గడప దగ్గర కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి లేవబోయింది. వంటవాడిగా పోయి తిరిగి రాని ఆయన ఒక్కగానొక్క కూతురు ఆవిడే. తండ్రి ఓడెక్కినప్పుడు తల్లి కడుపులో ఉందట.

"మదనపల్లి నుంచి వస్తాండావా?" అంది, నేను నోరు తెరవకముందే.

"ఎట్ల కనిపెట్టినావు పెద్దమ్మా?"

"ఆ ముక్కు సూస్తే తెలీదా? మీ తాత ముక్కు. యాల ఇన్నేండ్లకు తోవ తెలిసింది? రా, మంచి దినానికే వచ్చినావు. ఈ పొద్దు మా నాయనకు పెట్టుకుంటాండాము."

పోయిన పెద్దలకు వండి విస్తరి వేసే రోజు అది. నాకు లెక్క కుదరలేదు. ఓడ మునిగింది నిన్నటి తారీఖున కదా అన్నాను.

"తారీకు మాకెవురు సెప్పినారమ్మా? మా యమ్మకు వచ్చిన కాగితంలో ఏముండాదో సదివేవాళ్ళు గూడా లేరు. యుద్ధం అయిపోయినాక మీ తాత వచ్చి ఈ వాకిట్లో నిలబడి సెప్పినాడు, నీ మొగుడు లేడని. మళ్ళా ఏడు అదే దినం వచ్చినాడు. ఆ పై ఏడు గూడా. ఆయప్ప వచ్చే దినమే మాకు నాయన పోయిన దినం."

అంటే వీళ్ళు మనిషి పోయిన రోజు పెట్టుకోవడం లేదు. మా తాత బస్సు దిగిన రోజు పెట్టుకుంటున్నారు. బతికినాయన రాకను బట్టి చనిపోయినాయన రోజు కట్టుకున్నారు. ఇన్నేళ్ళలో తాత ఒక్కసారి కూడా "ఈ రోజు కాదమ్మా, నిన్న" అని సరిదిద్దలేదు. సరిదిద్దితే ఆయన ఎటు పోవాలి? నిన్నటి రోజు మా ఇంట్లో అందరూ దేవునికి స్తోత్రాలు చెల్లిస్తుంటారు.

కోడలు లోపలి నుంచి ఒక గిన్నె మూత పెట్టి తెచ్చి నా ముందు పెట్టింది. సంగటి, కోడికూర.

"తిను. ఇది విస్తరికి పెట్టకముందే ఎత్తి పెట్టింది" అంది పెద్దావిడ. "మీరు మొక్కినది తినరు గదా. మీ తాతకు ఎప్పుడూ ముందే ఎత్తి పెడతాంటిమి. ఆయన పోయినా ఎత్తి పెట్టడం మానలేదు. పొద్దు పోతానే ఎవురో ఒకరు తింటారు. ఈ పొద్దు నువ్వు."

మా కూడికలో కడుపు బాగాలేదని లేచిపోయే మనిషి మరునాడు ఇక్కడ కూర్చుని కడుపునిండా తినేవాడన్నమాట. నేను తిన్నాను. బాగుంది. బాగున్నందుకు కూడా కోపం వచ్చింది.

తిన్నాక నేను వచ్చిన పని అడిగాను. "పెద్దమ్మా, ఓడ మునిగినప్పుడు తాత నీళ్ళలో కీర్తన పాడినాడని మా అక్క చెప్తాది. నీకేమన్నా చెప్పినాడా?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ తాతా? పాటా? మా దూడ పాడతాదంటే నమ్ముతా."

అప్పుడు చెప్పింది. మధ్యాహ్నం భోజనానికి తాత బల్ల సర్దుతున్నాడు. గంట మోగింది. అందరూ తమ తమ చోట్లకు పరిగెత్తారు. విమానాలు ఒకదాని వెనక ఒకటి దూకాయి. ఓడ మెలికలు తిరుగుతూ పరిగెత్తింది, చాలా బాంబులు తప్పించుకుంది. ఒకటి నడిమిలో పడింది. పలుచటి రేకు, చెరుకు గడ విరిచినట్టు విరిగింది. రెండు కొసలూ పైకి లేచాయి. తాత, ఈవిడ తండ్రి, ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. ఇద్దరికీ ఈత వచ్చు. ఇక్కడే ఉంది అసలు సంగతి.

"మనోళ్ళకు ఈత యాడ వస్తాదమ్మా? బాయిలో. ఎండిన సొరకాయ ఈపుకు కట్టుకోని, గట్టు ఎంబడి గుండ్రంగా తిరగడమే గదా. సెయ్యి అలిసిపోతే గట్టు పట్టుకుంటాము. వాళ్ళిద్దరూ ఆ సముద్రంలో గూడా అట్లే ఈదినారంట. తెప్ప ఎదురుగానే ఉండాది, కనిపిస్తాంది. నేరుగా పోతే అందుతాది. పోలేకపోయినారు. ఒళ్ళు ఒక పక్కకే తిరగతాంది. తిరిగిన సోటే తిరగతాండారు. మీ తాతను ఎవురో తెల్లోడు గొంతుపట్టీ పట్టుకోని తెప్ప మీదికి ఈడ్చినాడు. మా నాయన అంతలోపల సెయ్యి సాపి, సాపి, గట్టు కోసరం ఎతికినాడంట."

ఆవిడ చెయ్యి ముందుకు చాపి, గాలిలో లేని గట్టును తడిమింది. తాత కూడా ఇలాగే చూపించి ఉంటాడు.

"ఇది నీకెప్పుడు చెప్పినాడు?"

"సిన్నపిల్లప్పుడే. సెప్పేసి, నడుముకు తాడు కట్టి బాయిలోకి దించినాడు. ఏటా వచ్చినప్పుడంతా అదే పని. గట్టు ఎంబడి పోతే పైనుంచి కట్టెతో నీళ్ళను కొట్టేవాడు. నేరుగా పో, నేరుగా పో అని ఒకటే అరుపు. ఆడపిల్లకు ఈత యాల అని మా యమ్మ తిడితే, నీ మొగుడికి రానిది నీ బిడ్డకు రావాల అన్న్యాడు. మొన్న మొన్నటి దాకా ఈదినా. ఇప్పుడు కోడలు పోనియ్యదు."

"ఆయమ్మ దూకితే నేను తీయాల గదా" అంది కోడలు లోపలి నుంచి.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నాకు ఈత రాదు. చిన్నప్పుడు మమ్మల్ని బావి ఛాయలకు కూడా పోనిచ్చేవాడు కాదు తాత. నీళ్ళంటే భయపడ్డాడులే అని నేను ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను. భయమేమీ కాదు. ఈ ఊళ్ళో, ఈ బావి గట్టు మీద నిలబడి, కట్టె పట్టుకుని అరిచి అరిచి ఇంకో పిల్లకు నేర్పాడు. ఆవిడకు ఎనభై ఏళ్ళు ఉంటాయి, తండ్రి ముఖం చూడలేదు. ఆవిడను చూసి కుళ్ళుకోవడం తప్పని నాకు తెలియదా? తెలుసు. అయినా కుళ్ళుకున్నాను. తండ్రి లేని పిల్ల కదా అని మనసుకు చెబితే, నాకూ ఆ వసారాలో ఆయన తప్ప ఎవరున్నారని మనసు తిరిగి అడిగింది. మా నాన్న ఎప్పుడో వేరే కాపురం పెట్టి వెళ్ళిపోయాడు.

వచ్చేముందు ఉండబట్టలేక అడిగాను. "మా గురించి ఏమన్నా చెప్పేవాడా పెద్దమ్మా?"

"సెప్పేవాడమ్మా. పెద్దమనవరాలు పాట బాగా పాడతాదని సెప్పె."

"నా గురించి?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "నువ్వు కప్పు ఒలక్కుండా తెస్తావని సెప్పె."

అంతే. ఆవిడ ఇంకేదైనా అంటుందేమోనని నేను నిలబడే ఉన్నాను. చివరికి, ఈ సంగతంతా ఆదివారం మా చర్చిలో చెప్పవచ్చా అని అడిగాను.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "అది మా నాయన సావు గదమ్మా. మీ పండగలో యాల?"

కుప్పం బస్టాండు నుంచి అక్కకు ఫోను చేశాను. అన్నీ చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. చెబుతున్నంతసేపూ నా గొంతులో గెలుపు ఉంది, అది నాకే వినిపించింది.

అక్క అంతా వింది. తర్వాత, "పెద్దలకు పెట్టింది తిన్న్యాడా తాత?" అంది.

"మొక్కకముందు ఎత్తి పెట్టింది."

"అట్లనా" అంది. "సూడు. నాకప్పుడు టైఫాయిడు. నీకు గుర్తు ఉండదు. ఆస్పత్రిలో మంచం మీద పడుకోని సచ్చిపోతానేమోనని ఏడుస్తాంటే తాత వంటశాల నుంచి వచ్చి పక్కన కూర్చున్న్యాడు. నేను సముద్రంలో ఉన్నప్పుడు పాట ఎత్తుకున్నా, ఓడ వచ్చింది, నువ్వూ ఎత్తుకో అన్న్యాడు. నేను ఎత్తుకున్నా. జొరం దిగేదాకా రోజూ వచ్చి పాడించుకున్న్యాడు. అది అబద్ధమంటావా? అనుకో. నాకు సెప్పింది నేను సెప్తా. నీకు సెప్పింది నువ్వు సెప్పు."

ఫోను పెట్టేసింది. ఇప్పుడు నా కడుపుమంటకు ఇంకో కట్టె పడింది. అబద్ధమే కానివ్వండి, గొంతులేని మనిషి దాని కోసం కూర్చుని పాట కల్పించాడు కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఫోను స్టాండుకు బిగించాడు. అక్క చెప్పింది, పాడింది. దాని తర్వాత ఆయన నన్ను కూడా కూర్చోమన్నాడు, పాపం, ఆ రోజు కూడికలో జరిగిన దానికి సర్దుబాటుగా అనుకుంటాను. అక్క ముందు వరసలో కూర్చుని నా ముఖం వైపే చూస్తోంది. ఓడోళ్ళ ఇంట్లో విన్నదంతా నా నాలుక చివరే ఉంది. రెండు ముక్కలు చెబితే కీర్తన కూలిపోతుంది. కానీ అది పెద్దావిడది. ఆవిడ ఇవ్వలేదు.

నా దగ్గర మిగిలింది చెప్పాను. ఆఫీసర్ల బల్ల, గుండ్లు అందించడం, రేకు గదిలో వేడి, మునిగినవాళ్ళకు ముందు టీ ఇచ్చి తర్వాత మాట అడగడం. మా తాత కొలువు వడ్డించే కొలువు అని గట్టిగా చెప్పాను. అక్క తల దించుకుంటుందని చూశాను. దించుకోలేదు. ఓడ మునిగే చోటికి వచ్చి, "ఆ పైన సంగతి తాత నాకు చెప్పలేదు" అని ఆపాను.

"చివర్లో దేవునికి మహిమ కలిగేలా ఒక మాట చెప్పండక్కా" అన్నాడు పాస్టరుగారు.

"నాకు చెప్పలేదు కదయ్యగారూ" అన్నాను మళ్ళీ.

వీడియో వచ్చింది. అక్క పాట మొత్తం ఉంది. నాది టీ ఇచ్చే దాకా ఉంచి కత్తిరించారు. చూసినవాళ్ళు అక్కకు ఫోన్లు చేస్తున్నారట. నాకు ఒక్క ఫోను వచ్చింది, అదీ అక్క దగ్గర నుంచే: "బాగా చెప్పినావు మే. నాకు ఇవేవీ తెలీదు. తాత నీకే చెప్పినాడా ఇదంతా?" దాని గొంతులో ఏదో ఉంది. అది కుళ్ళేనని నేను అనుకున్నాను, కాసేపు సంతోషపడ్డాను కూడా. కానీ ఆ సంతోషం నిలవలేదు.

భయపడిన పిల్లకు ఏం చెప్పాలో తాతకు తెలిసింది. తండ్రి పోయిన పిల్లకు ఏం చెప్పాలో తెలిసింది, నేర్పడం కూడా తెలిసింది. మరి రోజూ పక్కనే నిలబడి, ఆ పైన ఏమైంది, ఆ పైన ఏమైంది అని అడిగిన పిల్ల ముఖంలో ఏం కనిపించింది తాతా నీకు, ఆ ఒక్కటీ నాకు చెప్పకుండా పోయావు?